మనవాళ్ళ చిన్న చిన్న అలవాట్లు మర్చిపోకుండా రాసి పెట్టుకోవడం ఎలా

మా నాన్న పోయాక అందరం కూర్చున్నప్పుడు ఆయన గురించి రెండు మాటలు చెప్పమన్నారు నన్ను. చాలా మంచివారు, నిజాయితీపరులు, కష్టజీవి, ఎవరికీ అన్యాయం చెయ్యలేదు అని చెప్పాను. చెప్పి కూర్చున్నాక ఏదోలా అనిపించింది, ఎందుకంటే ఆ నాలుగు ముక్కలు ఎవరి నాన్న గురించైనా చెప్పొచ్చు. తర్వాత కొన్ని రోజులకి ఆయన టేబుల్ సొరుగు సర్దుతుంటే ఒక చిన్న డబ్బా దొరికింది, తెరిచి చూస్తే నిండా పెన్ను క్యాపులు, పెన్నులు లేవు, ఉత్త క్యాపులే, లెక్కపెడితే 23. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఎవరైనా పెన్ను అడిగితే నాన్న క్యాప్ తీసి తన గుప్పిట్లో పెట్టుకుని ఒట్టి పెన్ను ఇచ్చేవారు, క్యాప్ లేని పెన్ను జేబులో పెట్టుకోలేరు కదా, గుర్తుగా తిరిగిస్తారని. తిరిగి రాని పెన్నుల క్యాపులు కూడా పారెయ్యబుద్ధి కాక దాచుకున్నారన్నమాట. ఆ రోజు చెప్పాల్సింది ఇది కదా అని చాలా బాధపడ్డాను.

అప్పట్నుంచి ఇంట్లోవాళ్ళవి, ఫ్రెండ్స్‌వి, నావి కూడా ఇలాంటివి ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నా. నాలుగేళ్ళుగా రాస్తుంటే ఎలా చూడాలో, ఏది రాయాలో, ఏది వదిలెయ్యాలో కొంచెం కొంచెంగా తెలిసొచ్చింది. తెలిసినంతవరకు ఇక్కడ పెడుతున్నా.

గుణం వేరు, అలవాటు వేరు

మొదట్లో నేను చేసిన తప్పు ఇదే. నోట్‌బుక్ తెరిచి "అమ్మ - ఓపిక ఎక్కువ, జాగ్రత్త ఎక్కువ" అని రాశాను. అవి గుణాలు, రాయడం తేలిక, చదివితే మాత్రం మనిషి కనపడదు. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఇంగ్లిష్ డిక్షనరీ అంతా జల్లెడపట్టి మనిషి తీరు చెప్పే మాటలు ఏరితే 17,953 తేలాయి. అన్ని మాటలున్నా సరే, క్యాప్ గుప్పిట్లో పెట్టుకునే మనిషికి ఒక్క మాట దొరకదు, దానికి జరిగింది జరిగినట్టు చెప్పుకోవడమే దారి.

అదే ఆల్‌పోర్ట్ అంతకు మూడేళ్ళ ముందు, 1933లో, ఫిలిప్ వెర్నన్‌తో కలిసి మనుషుల నడక, చేతిరాత, చేతులు కదిపే తీరు మీద ఒక పుస్తకమే రాశారు. ఆయన ఆలోచనలో నాకు బాగా పనికొచ్చింది ఒకటే, ఒక పనిలో ఏం చేశారు అనేది వేరు, ఎలా చేశారు అనేది వేరు. తలుపు తాళం వెయ్యడం అందరూ చేసేదే, అందులో ఏముంది. వేశాక రెండుసార్లు లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి మూడోసారి లాగి, అప్పుడు తాళంచెవి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చడం, ఇది ఒక్క మనిషిదే. కాబట్టి ఎవర్నైనా చూసేటప్పుడు పని మీద కాదు, పని చేసే తీరు మీద చూపు పెట్టండి.

ఇంకో గుర్తు కూడా ఉంది, ఆ పనికి ఆ అలవాటు అవసరం ఉండదు. లెటర్ చదవడానికి కళ్ళజోడు పెట్టుకోవడం అవసరం, పెట్టుకునే ముందు రెండు అద్దాలూ లైటుకి ఎత్తి చూసి, శుభ్రంగా ఉన్నా సరే చొక్కా అంచుతో ఒకసారి తుడవడం అవసరం కాదు. మనం వెతికేది ఆ రెండోదే.

మీవి మీకు కనపడవు, అక్కడ టైం వేస్ట్ చెయ్యొద్దు

చాలామంది ముందు తమ అలవాట్లు రాసుకుందామని కూర్చుంటారు, పది నిమిషాలయ్యాక పేజీ ఖాళీగానే ఉంటుంది, నాలో అంత స్పెషల్ ఏమీ లేదులే అనుకుని మూసేస్తారు. లేక కాదు, కనపడక. అలవాటు అంటేనే చెయ్యి చేసుకుపోతుంటే బుర్ర పట్టించుకోకపోవడం. ఫోన్ ప్యాటర్న్ లాక్ రోజుకి యాభైసార్లు తీస్తాం, అదే ఎవరైనా కాగితం మీద గీసి చూపించమంటే ఒక్క క్షణం ఆగిపోతాం, వేళ్ళు గాల్లో ఆడించి చూసుకుంటే గానీ గుర్తురాదు. అమెరికా సైకాలజిస్ట్ విలియం జేమ్స్ 1890లోనే రాశారు, అలవాటైపోయిన పనికి మనం పెట్టాల్సిన శ్రద్ధ తగ్గిపోతుందని. శ్రద్ధ లేనిది జ్ఞాపకంలో ఎక్కడ ఉంటుంది చెప్పండి.

జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అని ఇద్దరు 1955లో నాలుగు గళ్ళ కిటికీ లాంటి ఒక బొమ్మ గీశారు, ఇద్దరి పేర్లు కలిపి దానికి జోహరి విండో అని పేరొచ్చింది. అందులో ఒక గడి మనకి తెలియకుండా అవతలివాళ్ళకి మాత్రమే తెలిసిన సంగతులది. మన చిన్న అలవాట్లు చాలావరకు ఆ గడిలోనే ఉంటాయి. మన గొంతు మనకే రికార్డింగ్‌లో కొత్తగా వినిపించడం చూడండి, మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల ద్వారా కూడా మనకి చేరుతుంది, రికార్డింగ్‌లో గాల్లోంచి వచ్చేది మాత్రమే ఉంటుంది, లోకమంతా ఏళ్ళ తరబడి వింటున్నది ఆ రెండో గొంతే, మనకి తప్ప అందరికీ అది అలవాటే.

అందుకని అడగండి. కానీ "నాలో ఏం అలవాట్లున్నాయి" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, మొహమాటపడి మంచిమాటలు చెప్తారు. నేను రకరకాలుగా అడిగి చూశాను, బాగా పనిచేసింది ఒక్కటే, "నన్ను ఇమిటేట్ చేసి చూపించు". అదీ ఊరికే కాదు, ఒక పని చెప్పి అడగాలి. మా చెల్లి కొడుకుని పిలిచి "నేను ఫోన్ మాట్లాడుతుంటే ఎలా ఉంటానో చేసి చూపించరా" అన్నాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రిమోట్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, నేరుగా గోడ దగ్గరికెళ్ళి, నుదురు గోడకి ఆనించినంత దగ్గరగా నిలబడి, రెండో చేతి చూపుడువేలితో గోడ మీద గుండ్రంగా సున్నాలు చుడుతూ "ఆ... ఆ... సరే... ఆ" అన్నాడు. "ఇలా ఉంటావు మామయ్యా" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాతి వారం ఆఫీస్ కాల్ మాట్లాడుతూ ఎందుకో కిందకి చూసుకుంటే నా వేలు గోడ మీదే ఉంది, సున్నా సగంలో ఉంది.

పిల్లల్ని అడిగితే దొరికినంత పెద్దవాళ్ళని అడిగితే దొరకదు. వాళ్ళు మనల్ని కింద నుంచి చూస్తారు, మన చేతులు, కాళ్ళు వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉంటాయి, పైగా ఏది చెప్పొచ్చు ఏది చెప్పకూడదు అనే లెక్క ఇంకా రాలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, వాళ్ళు చూపించింది చూసి నొచ్చుకోవద్దు, "అలా ఎప్పుడు చేశాను" అని వాదించొద్దు, అలా చేస్తే ఇంకోసారి నిజం చెప్పరు. థ్యాంక్స్ చెప్పి రాసుకోండి, అంతే.

ఒంటరిగా ఉంటే ఇవి చేసి చూసుకోవచ్చు. రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి పట్టుకోండి, ఏ బొటనవేలు పైన ఉంది? ఇప్పుడు రెండోది పైకొచ్చేలా మార్చి పట్టుకోండి, వేరేవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు ఉంటుంది. చేతులు కట్టుకోవడం కూడా అంతే. తర్వాత చొక్కా గుండీలు పైనుంచా కిందనుంచా, చెప్పు ముందు ఏ కాలికి, మెట్ల మీద మొదటి అడుగు ఏది, ఫోన్ ఏ చెవికి, పుస్తకం ఆపినచోట పేజీ మడుస్తారా కాగితం పెడతారా బోర్లా పెడతారా. ఒక రోజంతా పనిగట్టుకుని రెండో రకంగా చెయ్యండి, ఎక్కడ చిరాకొస్తుందో అక్కడ మీ అలవాటు ఉన్నట్టు.

అవతలివాళ్ళని చూసేటప్పుడు

చూస్తున్నట్టు తెలియకూడదు. దాక్కుని చూడమని కాదు, మామూలుగా పక్కన ఉండి చూడమని. "నువ్వు సంతకం పెట్టే ముందు గాల్లో ఒకసారి పెట్టి చూసుకుంటావు తెలుసా" అని మా బాబాయికి ఒకసారి చెప్పేశాను, ఆనందం పట్టలేక. ఆ తర్వాత ఆరునెలలు ఆయన నా ముందు సంతకం పెట్టాలంటే ఇబ్బందిపడ్డారు, గాల్లో పెట్టడం మానేశారు, సంతకం కూడా కుదిరేది కాదు. చేతికి వదిలేసిన పనిలోకి బుర్ర దూరితే రెండూ తడబడతాయి. ఇప్పటికీ ఆ విషయంలో నాకు బాధే. కాబట్టి వెంటనే చెప్పొద్దు, రాసుకోండి.

ఒక్కసారి చూసి అలవాటు అని రాసెయ్యకండి. నేను పెట్టుకున్న లెక్క, వేరే వేరే రోజుల్లో మూడుసార్లు కనపడాలి. అలవాటు అనేది తొందరగా కుదురుకునేది కాదు, లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి వేసిన లెక్కలో కొత్త పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. అంటే మీకు మూడుసార్లు కనపడిన చిన్న విషయం వెనకాల ఎన్ని నెలలు, ఎన్ని ఏళ్ళు ఉన్నాయో. నాకైతే అది తలుచుకుంటే ప్రతి చిన్నదాని మీదా గౌరవం వస్తుంది.

చెవులతో కూడా చూడండి, ఈ మాట అందరికీ చెప్తుంటాను. అడుగుల చప్పుడు బట్టి ఎవరొస్తున్నారో ఇంట్లో అందరికీ తెలుస్తుంది కదా. చప్పుడే కాదు, ఉత్త నడక తీరు చాలు. 1977లో జేమ్స్ కటింగ్, లిన్ కొజ్లోస్కీ అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు, మనుషుల కీళ్ళ దగ్గర మెరిసే ముక్కలు కట్టి చీకట్లో కదిలే చుక్కలు మాత్రమే కనపడేలా నడిపించి వాళ్ళ ఫ్రెండ్స్‌కి చూపించారు, మొహం లేదు, బట్టలు లేవు, ఉత్త చుక్కలు. ప్రతిసారీ కాదు గానీ గుడ్డిగా ఊహించి చెప్పేదానికన్నా బాగా ఎక్కువసార్లు ఇది ఫలానావాళ్ళు అని గుర్తుపట్టారు. మోర్స్ కోడ్ రోజుల్లో టెలిగ్రాఫ్ ఆపరేటర్లు కూడా అంతే, చుక్కలు, గీతలు అనే పొట్టి, పొడుగు చప్పుళ్ళు కొట్టే తీరు బట్టి అవతల ఎవరు కూర్చున్నారో చెప్పేసేవారు, ఆ తీరుని వాళ్ళ భాషలో ఫిస్ట్, అంటే పిడికిలి, అనేవారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ మెసేజ్‌లు వినే బ్రిటిష్ వాళ్ళు కోడ్ అర్థం కాకపోయినా ఆ ఫిస్ట్ బట్టి ఆపరేటర్‌ని గుర్తుపట్టి, అతని యూనిట్ ఎక్కడికి కదిలిందో కనిపెట్టేవారు. పేరు దాచుకోగలిగారు, అంకెలు దాచుకోగలిగారు, చెయ్యి మాత్రం దాగలేదు.

ఊతపదాలు వదలకుండా రాయండి, మాట ఏంటన్నది ఒక్కటే కాదు, ఎక్కడ వస్తుందో కూడా. మా ఫ్రెండ్ ఒకడు అబద్ధం చెప్పేముందు కాదు, నిజం చెప్పేముందే "అసలు సంగతేంటంటే" అంటాడు, అది తెలిసినప్పట్నుంచి వాడు ఆ మాట అన్నాక నేను ఫోన్ పక్కన పెట్టి వింటాను. అలాగే ఫోన్ పెట్టేసేటప్పుడు ఎవరు ఎలా పెడతారు, ఉంటా ఉంటా ఉంటా అని మూడుసార్లు అనేవాళ్ళు, ఏమీ అనకుండా కట్ చేసేవాళ్ళు, అవతలివాళ్ళు కట్ చేసేదాకా ఆగేవాళ్ళు.

మనిషి దగ్గర లేకపోతే వస్తువుల్ని చూడండి. చెప్పుల అడుగు ఏ వైపు అరిగింది, పుస్తకంలో గీతలు పెన్సిల్‌తోనా, వాక్యం కిందా మార్జిన్‌లోనా, ఏ స్విచ్ చుట్టూ గోడ మాసింది, కుర్చీకి ఏ చెయ్యి రంగు పోయింది. సైకాలజిస్ట్ శామ్ గాస్లింగ్ బృందం 2002లో మనుషుల గదులు, ఆఫీసులు వాళ్ళు లేనప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చూపించి ఈ మనిషి ఎలాంటివారో చెప్పమంది, కొన్ని విషయాల్లో బాగానే చెప్పగలిగారు. కెనడా పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ కుర్చీ గురించి చదివితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మడత కుర్చీ ఒకటి తీసుకుని వాళ్ళ నాన్న కాళ్ళు కోసి పొట్టిగా చేసిచ్చారు, గూల్డ్ జీవితాంతం ఎక్కడ వాయించినా దాని మీదే కూర్చున్నారు, సీటు పూర్తిగా ఊడిపోయి చట్రం మాత్రమే మిగిలినా మార్చలేదు, 1982లో ఆయన పోయారు, కుర్చీని ఇప్పటికీ దాచి ఉంచారు. వాయిస్తూ ఆయన తీసే కూనిరాగం కూడా రికార్డింగ్‌లలో అలాగే ఉండిపోయింది, ఇంజనీర్లు ఎంత చూసినా పూర్తిగా పోలేదు. ఆ కూనిరాగం కోసమే ఆ రికార్డింగ్‌లు వినేవాళ్ళున్నారు.

రాయడం

చూసిన వెంటనే రాయండి, రాత్రికి రాద్దాంలే అనుకుంటే పోతుంది. జర్మన్ సైకాలజిస్ట్ హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో అర్థంలేని అక్షరాల గుంపులు కంఠస్థం చేసి తన మీద తనే పరీక్షలు పెట్టుకున్నారు, గంటలోపే సగానికి పైగా జారిపోయింది. అర్థం ఉన్నవి అంత త్వరగా పోవు నిజమే, కానీ చిన్న అలవాటు చూసేటప్పుడు అర్థం లేనట్టే ఉంటుంది కదా. చార్లెస్ డార్విన్ తన ఆలోచనకి ఎదురు తిరిగే విషయం కనపడితే వెంటనే రాసేసుకునేవారు, అలాంటివి ఇట్టే మర్చిపోతామని అనుభవంతో తెలుసుకున్నారు. మనకీ అంతే, "ఈవిడ ఇలాంటిది" అని ముందే ఒకటి అనుకుంటాం, దానికి సరిపోనిది జారిపోతుంది. (డార్విన్‌కి ఇంకో అలవాటుండేది, ఇంటి దగ్గర బాటలో రౌండ్లు నడుస్తూ లెక్క తప్పకుండా రాళ్ళు కుప్పగా పెట్టుకుని రౌండుకొకటి కాలితో తన్నేవారు. ఆయన పుస్తకాల గురించి ఎంత చదివినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాళ్ళే.)

ఎలా రాయాలంటే, ఎప్పుడు, చెయ్యి ఏం చేసింది, ఏ వరసలో, ఏ చప్పుడు లేదా ఏ మాట. అంతవరకే. కారణం రాయకండి, ఎందుకంటే కారణం మీ ఊహ, నిజంగా చూసింది కాదు. "అక్కకి శుభ్రత పిచ్చి" అని రాశాననుకోండి, పదేళ్ళ తర్వాత చదివితే అది నా అభిప్రాయం, అంతే. అదే "అక్క మా ఇంటికొచ్చి కూర్చోగానే టీపాయ్ మీదున్న పేపర్లు అంచులు కలిపి బల్ల అంచుకి సమానంగా జరుపుతుంది, మాట్లాడుతూనే, వాటివైపు చూడకుండా. మనం కదిపితే రెండు నిమిషాల్లో మళ్ళీ జరుపుతుంది" అని రాస్తే అక్క వచ్చి కూర్చుంటుంది కళ్ళ ముందు. "ఎప్పుడూ" అనే మాట కూడా వాడొద్దు, లెక్క రాయండి, తారీకు తప్పకుండా వెయ్యండి. అలవాట్లు మారతాయి, పోతాయి, ఎప్పుడు ఆగిందో తెలియదు, తారీకు ఉంటే ఫలానా ఏడు దాకా ఉండేది అని తెలుస్తుంది.

ఎండలోకి రాగానే తుమ్మడం లాంటివి అలవాట్లు కావు, ఒంటి తీరు, చాలామందికి ఉంటుంది, వంశంలో వస్తుంది. అయినా నేను రాస్తాను, "గుమ్మం దాటగానే రెండు తుమ్ములు, మూడోది ఉండదు" అని చదివితే మనిషి కనపడుతుంది కదా, రూల్ కోసం వదులుకోబుద్ధి కాదు.

కొన్ని చోట్ల మాత్రం పెన్ను పక్కన పెట్టాలి. తాళం మూడుసార్లు చూడటం వేరు, చూసుకోవడానికే రోజుకి గంటకి పైగా పోతూ, చూడకపోతే ఊపిరాడనంత భయం వేస్తుంటే అది వేరు, జుట్టు పీక్కుని పీక్కుని అక్కడ ఖాళీ ఏర్పడటం వేరు. అవి ముచ్చటగా రాసుకునేవి కావు, డాక్టర్ దగ్గరికి తోడుగా వెళ్ళాల్సినవి, ట్రీట్‌మెంట్ ఉంది, తగ్గుతాయి. ఇంకోటి, రాసుకున్నది పదిమందిలో చదివి నవ్వించొద్దు, ఆ మనిషి ఒప్పుకుంటే తప్ప ఎవరికీ చూపించొద్దు. ఇది నమ్మకంతో చేసే పని.

ఇంకొకళ్ళకి చూపించి సరిచూసుకోండి

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇది తప్పనిసరి. నేను నాన్న గురించి రాసిన పేజీలన్నీ పూర్తయ్యాక అమ్మకి చదివి వినిపించాను. పేపర్ చదివే ముందు పెన్నుతో మార్జిన్‌లో మూడు సున్నాలు చుట్టి ఇంకు చూసుకోవడం, ఏదైనా వెతికేటప్పుడు నోటితో చిన్నగా "ఎక్కడికి పోతావ్" అనుకోవడం, అన్నిటికీ తలూపింది. క్యాప్ దగ్గరికొచ్చేసరికి ఆపింది. "ఎవరు పెన్ను అడిగినా క్యాప్ తీసుకునే ఇచ్చేవారు" అని రాశాను నేను.

"నీకు ఎప్పుడైనా అలా ఇచ్చారా?" అంది.

ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఒక్కసారి కూడా గుర్తురాలేదు. మాకు ఎప్పుడూ క్యాప్‌తోనే ఇచ్చారు, నేను ఎన్ని పెన్నులు స్కూల్లో పారేసుకొచ్చినా సరే. "బయటవాళ్ళకే అలా. మీకు, నాకు క్యాప్ పెట్టే ఇచ్చేవారు. నీ పెళ్ళయ్యాక నీ భార్యకి మొదటిసారి పెన్ను ఇచ్చినప్పుడు కూడా క్యాప్ పెట్టే ఇచ్చారు, నేను చూశాను" అంది.

ఆ వాక్యం కొట్టేసి తిరగరాశాను, కింద అమ్మ చెప్పింది అని తారీకు వేశాను. అందుకే ఇప్పుడు ప్రతి పేజీలో కుడివైపు సగం ఖాళీగా వదులుతున్నా. మీరు కూడా మొదలుపెడితే అలాగే వదలండి, ఇంకొకళ్ళు చూసింది రాయడానికి చోటు కావాలి.